దానమ్మత్త టెంటు

మొన్నొక మధ్యాహ్నం టెక్కలి నుంచి కొందరు కుర్రాళ్లు మా ఇంటికొచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి కూడా ఉంది. ఏదో పోరాట కమిటీ. దేనికోసమో చెప్పారు, న్యాయమైన సంగతే. పోయిన నెల వాళ్లు వేసుకున్న దీక్షా శిబిరంలో ఎవడో కుర్చీ విసిరాడట. అది కానిస్టేబుల్ భుజానికి తగిలింది. ఆ వీడియో ముక్క సెల్‌ఫోన్లలో జిల్లా అంతా తిరిగింది. సాయంత్రానికి టెంటు లేదు, టెంటులో కూర్చున్న వాళ్లలో సగం మంది ఊళ్లో లేరు. కుర్చీ విసిరినవాడు తమవాడో బయటివాడో ఇప్పటికీ తమకు తెలియదని చెప్పారు. ఆ చెప్పడంలో బాధకన్నా, మా తప్పేమీ లేదన్న ధీమా ఎక్కువ వినిపించి నాకు చిరాకేసింది. మళ్లీ కూర్చోబోతున్నారు. మొదటిరోజు మా దానమ్మత్త పటానికి దండ వేసి, ఆమె గురించి నాచేత నాలుగు మాటలు చెప్పించాలని వచ్చారు. తెచ్చిన కరపత్రంలో ఆమె పేరు ముందు 'శాంతమూర్తి' అని అచ్చువేశారు.

నేను రానన్నాను. మంచినీళ్లిచ్చి పంపేశాను. కానీ ఆ మాట మాత్రం వాళ్లతో పోలేదు, ఇంట్లోనే ఉండిపోయింది. శాంతమూర్తి. ఆమె నట్టింట్లోకి వస్తే పిల్లి అటక ఎక్కేది. గట్టు మీద ఒక కొబ్బరిచెట్టు కోసం తోడికోడలితో వచ్చిన తగాదా, ఆ తోడికోడలు పోయేదాకా నడిచింది. పోయినప్పుడు కూడా శవం దగ్గర కూర్చుంది కానీ ఏడవలేదు. ఎవరో బుగ్గలు నొక్కుకుంటే, "మాటల్నేవు గదా మాకు" అంది. ఆమెను మంచిదని చెప్పేవాళ్లకు ఆమె తెలియదు. నేను ఆమె ఇంట్లో ఆమె పెట్టిన అన్నం తిని, ఆమె తిట్లు తిని, నా పడుచుదనంలో మంచి భాగం గడిపాను. ఆమె మీద నాకు ఇప్పటికీ పూర్తిగా పోని కోపం ఉంది. అది ఉంచుకునే ఇది రాస్తున్నాను.

మాది జలంత్రకోట. డిగ్రీ అయ్యాక కాశీబుగ్గలో ఒక దినపత్రికకు విలేకరిగా కుదిరినప్పుడు, రోజూ ఇంటి నుంచి తిరగడం కష్టమని నాన్న నన్ను తన అక్క ఇంట్లో దింపాడు. ఆ ఊరు ఉద్దానం లోపల, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. కొబ్బరి, జీడి తోటల మధ్య రైతుల ఇళ్లు, ఒడ్డున చేపల వాళ్ల పేట. రెండూ ఒకే పంచాయతీ. ఆ రెండింటి మధ్య సరుగుడు తోపు, అంతకంటే దట్టంగా పాత కోపాలు. పేట వాళ్లు తోటలోకొస్తే కాయలు పోతాయని వీళ్లు, ఎండబెట్టిన చేపల మీదుగా తొక్కుకుంటూ పోతారని వాళ్లు. ఒకరింటికి ఒకరు పెళ్లి పిలుపులు లేవు. ఒకే బస్సు కోసం నిలబడినా రోడ్డుకు చెరో పక్క నిలబడేవారు.

అత్త ఇంట్లో తెల్లవారడమంటే జీడి పిక్కల వాసనే. కాల్చిన పిక్క వాసన తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. మొదట ఏదో మంచి తిండి వేగుతున్నట్టు నోరూరుతుంది, వెంటనే గొంతులో పొగ గుచ్చుకుంటుంది. కాశీబుగ్గ బట్టీల నుంచి కాల్చిన పిక్కల బస్తాలు ఊళ్లోకొచ్చేవి. ఆడవాళ్లు వాకిళ్లలో రాయి ముందు కూర్చుని, కర్రతో కొట్టి పప్పు తీసి తిరిగి పంపేవారు. తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. అది ఒంటికి అంటితే ముందు ఏమీ తెలియదు. మర్నాటికి బొబ్బ లేస్తుంది, తర్వాత చర్మం నల్లబడి ఊడుతుంది. అందుకే ప్రతి వాకిట్లో బూడిద గంప. అత్త ఇంట్లో ఆ గంప దగ్గర ఒక శాసనం ఉండేది. పిక్కలు ముట్టినవాళ్లు బూడిదతో మోచేతుల దాకా తోముకోకుండా కళ్లు నలుపుకోకూడదు, నీళ్లకుండ ముట్టుకోకూడదు, పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు. మరిచిపోయినవాడికి ఆ పూట అన్నం ఆఖరున, చల్లారాక. అది మొగుడైనా సరే. లక్ష్మణ మావ అలా చల్లన్నం తినడం నేను చాలాసార్లు చూశాను. ఆయన కొబ్బరి పీచుతో తాడు పేనుతూనే పెరిగి, పేనుతూనే ముసలివాడైన మనిషి. మాట్లాడాల్సిన చోట కూడా తాడే పేనేవాడు.

జీడి నూనె మాకు ఎంత మామూలంటే, దానితో ఆడుకునేవాళ్లం. బావ మీద కోపమొస్తే, మరదలి మీద ప్రేమొస్తే, నిద్రలో ఉన్నప్పుడు చేతిమీద ఒక చుక్క పెట్టడం మా వైపు సరసం. మా అత్త కొడుకు శేషు నా మోచేతి మీద పెట్టిన చుక్క మచ్చ ఇప్పటికీ ఉంది. అతని వీపు మీద నేను పెట్టిందీ ఉంది. పెళ్లిళ్లలో కొత్త పెళ్లికొడుకు కూర్చునే పీటకు రాసేవారు. అతను వారం రోజులు సరిగ్గా కూర్చోలేకపోతే ఊరంతా నవ్వేది. కాలినవాడు కూడా నవ్వాలి. నవ్వకపోతే వాడు సరసం తెలియనివాడు. మా దృష్టిలో అది దెబ్బ కాదు. ఈ మాట గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

ఆ పంచాయతీలో నాకు తెలిసి ఎప్పుడూ ఓటు పడలేదు. సర్పంచిని మా వైపు ప్రెసిడెంటు అంటారు. ఆ ఊరికి ఒకడే ప్రెసిడెంటు. అంతకుముందు వాళ్ల నాన్న. ఎన్నికలొస్తే ఆయన మేడ మీద తోటల పెద్దలు కూర్చునేవారు, కాఫీలు తాగేవారు, 'ఏకగ్రీవం' అని బయటికొచ్చేవారు. పేట పెద్దలకు కాఫీ కిందే, మెట్ల దగ్గర. ఊరి పేరు పేపర్లో పడేది, ఐకమత్యానికి ఆదర్శం అని. అలాంటి వార్తలు రాసినవాళ్లు నాకు ముందున్నారు. అత్తకు ఓటరు గుర్తింపు ఉంది, వయసుంది, వేలుంది. అసెంబ్లీకి వేసింది, పార్లమెంటుకు వేసింది. తన వీధిలో కుళాయికి నీళ్లు ఎందుకు రావడం లేదో అడగాల్సిన మనిషిని ఎన్నుకునే ఓటు మాత్రం ఒక్కసారి వేయలేదు. ఆమెకు ఉన్న పట్టుదలంతా అదే. తత్వం లేదు, సిద్ధాంతం లేదు. "నా ఊల్లో నా ఓటు నానెయ్యాల" అనేది, అంతే.

ఆ ఏడు పేట పెద్ద ఎర్రయ్య నామినేషన్ వేయడానికి మండలాఫీసుకు వెళ్లాడు. గేటు దగ్గర ప్రెసిడెంటు మనుషులు కాగితాలు లాక్కుని, ఆయన చూస్తుండగానే చింపి కాలవలో వేశారు. లోపలున్న అధికారి కిటికీ తలుపు దగ్గరగా వేసుకున్నాడు. గడువు దాటాక మళ్లీ ఏకగ్రీవం. పేట మగవాళ్లు తెడ్లు పట్టుకుని ఊరిమీదికి బయల్దేరారని తెలిసి తోటల వాళ్లు తలుపులేసుకున్నారు. అత్త ఒక్కతే సరుగుడు తోపు దాటి ఎదురెళ్లింది. ఏం మాట్లాడిందో నేను వినలేదు. ఎర్రయ్య తర్వాత చెప్పాడు. "నాలుగు బుర్రలు బద్దలుకొట్టండి. ఆ ప్రెసిడెంటు మీకు దండమెడతాడు. కేసులు మీకు, కుర్చీ ఆడికి. అదే కావాలాడికి" అందట. మర్నాడు మండలాఫీసు ఎదురుగా టెంటు లేచింది. ఏకగ్రీవం రద్దు చెయ్యాలి, మళ్లీ నోటిఫికేషన్ ఇవ్వాలి, ఓటు పెట్టాలి. రోజుకు కొందరు చొప్పున రిలే నిరాహార దీక్ష.

టెంటులో ఒకే జంబుఖానా మీద తోటల ఆడవాళ్లూ పేట ఆడవాళ్లూ కూర్చోవడం ఆ ఊరి చరిత్రలో మొదటిసారి. అది చూసి కళ్లు చెమర్చాయని రాస్తే అబద్ధం. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండేది. ముక్కులు మూసుకునేవాళ్లు వీళ్లు, మూతులు తిప్పేవాళ్లు వాళ్లు. ఆ ఖాళీలో అత్త కూర్చుంది. రెండు వైపులా సమానంగా తిట్టింది. ఆమె పెట్టిన నియమాలు కూడా ఇంట్లోవే. తాగి వచ్చినవాడు టెంటు తాడు దాటకూడదు. అవతలి వాళ్లు ఏమన్నా జవాబు ఆమె ఒక్కతే చెబుతుంది, ఇంకెవరూ నోరెత్తకూడదు. మగవాళ్లు వెనక, ఆడవాళ్లు ముందు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఖాళీ చేతులతో ఎవరూ కూర్చోకూడదు. పేట మగవాళ్లు వలలు తెచ్చుకుని అల్లాలి, తోటల మగవాళ్లు పీచు తెచ్చుకుని తాడు పేనాలి, ఆడవాళ్లు పిక్కల బస్తాలు తెచ్చుకుని కొట్టాలి.

"నిరాహార దీక్షలో పనేటత్తా, జనం నవ్వుతారు" అన్నాన్నేను.

"నువ్వు రాసుకుంటన్నావు గదా, నీ సేతిలో కలమున్నాది. ఆళ్లకేటున్నాది? ఒట్టి సేతుల్తో కూకుంటే ఆడి తిట్లు ఇని ఏటి తీత్తారో నీకు తెల్దేటి పేపరోడా?"

నన్ను ఆమె పేరుతో పిలిచింది తక్కువ. పేపరోడు అనేది, అదీ ఎగతాళిగా. నా పేపరు ఆ టెంటును పట్టించుకోలేదు. నేను బస్సులో పంపిన కవర్లు జిల్లా ఆఫీసుకు చేరేవి, అక్కడి నుంచి ఎక్కడికీ చేరేవి కావు. ప్రెసిడెంటు ఇచ్చే పండగ ప్రకటనలు మాత్రం రంగుల్లో వచ్చేవి. అత్త రోజూ పేపరు తిప్పి చూసి, ఏమీ అనకుండా దాన్ని పిక్కల కింద పరిచేది.

టెంటు ఎదురుగా రోజూ ప్రెసిడెంటు మనుషులు ఆటోకు మైకు కట్టుకుని వచ్చేవారు. పేట ఆడవాళ్ల గురించి, తోటల ఆడవాళ్ల గురించి వాళ్లు అన్నవి నేను అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. ఒకరోజు చేపలు కడిగిన నీళ్లు తెచ్చి పోశారు. పేట వాళ్లకు అది వాసన కూడా కాదు. తోటల వాళ్లు వాంతులు చేసుకున్నారు. అయినా కర్రలు పిక్కల మీద పడుతూనే ఉన్నాయి. అవతలి తిట్టు ఎంత పెద్దదైతే ఇవతల పిక్క అంత గట్టిగా పగిలేది. పోలీసులు మధ్యలో నిలబడి టెంటు వైపే చూసేవారు. ఎస్సై ఒక్కటే మాట అనేవాడు. "ఒక్క రాయి పడనీ. పది నిమిషాల్లో పీకేస్తా." అందరికీ తెలుసు, ఆ రాయి కోసమే మైకు ఆటో.

సింహాద్రి అని పేట కుర్రవాడు, మంచి ఈతగాడు, ఒకరోజు కొంచెం తాగి వచ్చాడు. గొడవ చేయలేదు, వల ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అత్త వాసన పట్టింది. అందరి ముందూ అతని వల మడిచి చేతిలో పెట్టి, "ఎల్లు. మళ్లీ ఈ టెంటు కేసి రాకు" అంది. "తాగొచ్చినాను గానీ ఎవుల్నేటన్నాను?" అన్నాడతను. "అన్నాక పంపడానికి నానెందుకు, పోలీసోళ్లున్నారు" అంది. అతని తల్లి జంబుఖానా మీద నుంచి లేచి కొడుకు వెనకే వెళ్లిపోయింది. పోతూ పోతూ అత్త మీద మన్ను పోసింది. ఆ రోజు పేట వాళ్లు అత్త వైపు చూసిన చూపులు నాకు గుర్తున్నాయి. తోటల దొరసాని మనకు బుద్ధులు నేర్పుతోంది అన్న చూపు. ఎర్రయ్య నచ్చజెప్పి కూర్చోబెట్టాడు.

తర్వాత కొన్నాళ్లకు ఒక ఉదయం పోలీసులు లాఠీలు లేకుండా వచ్చారు. అరచేతులకు గుడ్డలు కట్టుకున్నారు. కొందరికి వేళ్లు విడివడటం లేదు. ఒక పడుచు కానిస్టేబుల్ మొహం గుమ్మడికాయలా ఉబ్బి, కళ్లు మూసుకుపోయి, ఇంకొకరి భుజం పట్టుకుని నడుస్తున్నాడు. చెమట పట్టి మొహం తుడుచుకున్నట్టున్నాడు. ఉద్దానంలో పుట్టినవాళ్లకు అదేమిటో చెప్పక్కర్లేదు. టెంటు ముందు వరసలో మొదలైన నవ్వు వెనక వరస దాకా పాకింది. పేట ఆడవాళ్లు, తోటల ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మధ్యలో ఖాళీ అన్నది ఆ రోజు లేదు. "ఏటి బావూ, మరదళ్లెవులైనా సరసమాడినారా?" అని ఒకావిడ అడిగింది. ముందురోజు మధ్యాహ్నం పోలీసులు భోజనాలకు వెళ్లి కునుకు తీస్తున్నప్పుడు, వరండాలో నిలబెట్టిన లాఠీలకు ఎవరో జీడి నూనె పూశారు. నల్లకర్ర మీద నల్లనూనె. ఎవరికీ కనపడలేదు.

నవ్వనిది అత్త ఒక్కతే. ఎస్సై వచ్చి, "ఎవడో సాయంత్రంలోగా చెప్పండి. లేకపోతే దాడి కేసు అందరి మీదా రాసి టెంటు ఎత్తేస్తా" అన్నాడు. అతని గొంతులో కోపం కంటే సంతోషం ఎక్కువుంది. అడిగిన రాయి దొరికింది. అతను వెళ్లాక అత్త లేచి, టెంటు మూలనున్న తొక్కల కుప్ప చూసింది. అందులో ఒక కొబ్బరి చిప్ప, దాన్నిండా నూనె పిండేసిన తొక్కలు. ఆమె పెట్టిన నియమమే ఆ తొక్కల్ని టెంటులోకి తెచ్చింది. అది ఆమెకు తెలుసు. మొహంలో కనపడింది.

"ఎవులు?" అంది.

వెనక వరసలో తాడు పేనుతున్న శేషు తనే లేచాడు. దాచుకోవాలన్న ఆలోచన కూడా అతనికి లేదు. మెచ్చుకుంటారనే లేచాడు. "నానే. ఏటయింది? కర్రతో కొట్టినానా, రాయేసినానా? సరసానికి సేసినాను." జనం మళ్లీ నవ్వారు. ఎవరో అతని వీపు తట్టారు.

"ఆడు నీకు బావేటి, సరసానికి?" అంది అత్త.

నవ్వు ఆగింది. అత్త తలకొంగు సర్దుకుని, "పద, టేసన్‌కి" అంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక టెంటు టెంటంతా లేచింది. కన్నతల్లివేనా అని ఒకావిడ మొహమ్మీదే అడిగింది. ఎర్రయ్య వల పక్కనపెట్టి వచ్చి ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"దానమ్మా, ఆగు. గుంటడు తెలీక సేసినాడు. ఇంటికి పంపీ. ఎవుడు సేసినాడో ఆళ్లకి తెల్దు గదా."

"సింహాద్రిని అందరి ముందరా పంపినాను. ఈడ్ని సాటుగా పంపితే రేప్పొద్దున మీ పేటోళ్లు ఈ గుడ్డ మీద కూకుంటారా?"

"సింహాద్రిని ఇంటికి పంపినావు. టేసన్‌కి కాదు."

"సింహాద్రి తన ఒళ్లు తాను పాడుసేసుకున్నాడు. ఈడు ఇంకోడి ఒళ్లు కాల్సినాడు. ఆ కళ్లు సూసినావా? అందరి మీదా కేసు రాత్తానన్నాడు గదా, రాయనిత్తావా? టెంటు పోతే ఓటెక్కడిది? నువ్వు మళ్లీ నామినేషనెక్కడేత్తావు?"

ఎర్రయ్య తప్పుకోలేదు. "నాకు నామినేషనొద్దు. కుర్రోడ్ని ఇవ్వొద్దు" అన్నాడు. ఈ మాట నేను చెవులారా విన్నాను. ఆమె అతని పక్కనుంచి తప్పుకుని నడిచింది. లక్ష్మణ మావ చేతిలో తాడు కిందపెట్టి లేచాడు. ఏమైనా అంటాడేమోనని అందరూ చూశారు. తుండు దులిపి భుజాన వేసుకుని, బస్సు కోసం కూడా చూడకుండా ఊరి దారి పట్టి నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ టెంటుకు రాలేదు.

అత్త మమ్మల్ని వదల్లేదు. "పేపరోళ్లందరూ రండి" అని, టీ కొట్టు దగ్గరున్న మిగతా పత్రికల వాళ్లను కూడా పేర్లు పెట్టి పిలిచింది. మేమంతా వెనక నడవగా స్టేషన్ మెట్ల కింద నిలబడి ఎస్సైని బయటికి రప్పించింది. "బాబూ, మీ ఓళ్ల సేతులు కాల్సింది నా కొడుకు. ఇదిగో. టెంటులో ఇంకెవులికీ తెల్దు. కేసు ఈడి మీద రాయండి. టెంటు మీద కాదు. పేపరోళ్లు ఇంటన్నారు" అంది. ఎస్సై మొహం చూడాల్సింది. చేతికొచ్చిన రాయిని ఎవరో లాక్కున్నట్టయింది. శేషు ఆమె వైపు చూడలేదు. మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె అక్కడి నుంచి వరండాలో ఉన్న ఆ పడుచు కానిస్టేబుల్ దగ్గరకెళ్లి, కొంగున తెచ్చిన సీసాలోంచి కొబ్బరినూనె తీసి అతని మొహానికి రాసింది. అతను రాస్తున్నంతసేపూ బూతులు తిడుతూనే ఉన్నాడు. ఆమె రాస్తూనే ఉంది. అందులో దయ నాకు కనపడలేదు. గిన్నె తోమినట్టు రాసింది.

లోపల శేషును కొట్టారు. మాకు బయటికి వినపడింది. మేం లోపలికెళ్లబోతే తలుపేశారు. మర్నాడు సాయంత్రం వదిలినప్పుడు అతని ఎడమ చెవి వినపడటం లేదు. తర్వాత ఎప్పుడూ వినపడలేదు.

ఇన్నాళ్లు నేను పంపిన ఏ కవరూ పనికిరాని పేపరుకు ఇది పనికొచ్చింది. 'కొడుకును అప్పగించిన తల్లి' అని మొదటి పేజీలో వేశారు. అన్ని పేపర్లూ వేశాయి. ఓటు గురించి, చింపిన కాగితాల గురించి రాసింది లోపలెక్కడో రెండు ముక్కలు. మా డెస్కు ఫోన్ చేసి, తల్లీకొడుకులను పక్కపక్కన నిలబెట్టి ఫోటో పంపమంది. నేను ఫోన్ పెట్టేశాను. అయితే ఆ వార్తే పై అధికారిని కారెక్కించింది. ఆయన టెంటు దగ్గర దిగి, వలలు, తాళ్లు, పిక్కలు చూసి, ఎర్రయ్య చెప్పింది నిలబడి విన్నాడు. కొన్నాళ్లకు ఏకగ్రీవం రద్దయింది. ఎర్రయ్య మళ్లీ నామినేషన్ వేశాడు, పోలింగుకు తేదీ వచ్చింది. టెంటు విప్పుతున్నప్పుడు ఎవరూ జయధ్వానాలు చేయలేదు. ఆడవాళ్లు ఎవరి బస్తా వాళ్లు నెత్తిన పెట్టుకుని, అత్తకు చెప్పకుండా వెళ్లారు.

ఇల్లు ఆ తర్వాత ఇల్లులా లేదు. శేషు తోటలో పాక వేసుకుని అక్కడే వండుకుని తినేవాడు. నాతో మాట్లాడేవాడు. వినపడని వైపు నేను కూర్చుంటే విసుక్కుని జరగమనేవాడు. మావ చల్లన్నం తినడం మానేశాడు. అంటే చేతులు తోముకుని కాదు, అసలు ఆమె వడ్డించేదాకా ఆగేవాడు కాదు, తనే పెట్టుకునేవాడు. అత్త ఎవరినీ బతిమాలలేదు. పొద్దున్నే పిక్కలు కొట్టేది. బంధువులు ఆ వాకిలి తప్పించి నడిచేవారు. ఊరికి ఓటు తెచ్చిన మనిషి ఇంటికి ఊరు రావడం మానేసింది. ఇప్పుడు ఆమె పటానికి దండ వేస్తామంటున్నవాళ్లు ఆ వాకిలి చూసి ఉంటే బాగుండేది.

తరువాతి రోజుల్లో ఎన్నో ఉద్యమాలకు వార్తలు రాశాను. నాయకులు కాలరు సవరించుకుని, 'మా కార్యకర్తలు సంయమనం పాటిస్తారు' అని చెప్పగా విన్నాను. పాటించకపోతే ఏం చేస్తారని అడిగితే, 'వాళ్లు మావాళ్లు కారు' అనేవారు. ఎవడైనా తప్పు చేస్తే ముందు వాడు మనవాడు కాకుండా పోతాడు. అది ఇప్పుడు అందరికీ అలవాటైన పద్ధతి. టెక్కలి కుర్రాళ్లు కూడా అదే చెప్పారు, కుర్చీ విసిరినవాడెవడో తెలియదని. అత్త చేసిందల్లా, వాడు నావాడే అని చెప్పడం. ఆ మాటకు ఒక చెవి ఖరీదైంది, అదీ ఆమె చెవి కాదు. అది సరైన పనా అని నన్నడిగితే ఈ రోజుకీ చెప్పలేను. శేషుతో కూర్చున్నప్పుడు కాదనిపించేది. పోలింగు రోజు ఆ వరస చూసినప్పుడు అవుననిపించింది. రెండూ ఒకదాన్నొకటి చెరుపుకోలేదు. పలాస ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో, ఉద్దానంలో చాలామందికొచ్చే ఆ కిడ్నీ జబ్బుతోనే అత్త కాళ్లు వాచిపోయి పడుకున్నప్పుడు, నేనొకసారి అడగబోయాను. "అడిగేవోడివి ఆరోజు అడగాల" అని గోడవైపు తిరిగింది.

పోలింగు రోజు బడి ముందు వరస సరుగుడు తోపు దాకా ఉంది. తోటల వాళ్లూ పేట వాళ్లూ ఒకే వరసలో నిలబడాల్సి వచ్చింది, రెండో వరస లేదు కాబట్టి. తోసుకున్నారు, తిట్టుకున్నారు, ముందుకెళ్లారు. మైకు ఆటో రాలేదు. ఎర్రయ్య ఒక పక్క, ప్రెసిడెంటు ఒక పక్క కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఇద్దరికీ ఒకే ఎండ. అత్త పొద్దున మొదట్లోనే ఓటేసేసి, వేలి మీద సిరా కొంగుకు అంటకుండా చెయ్యి దూరంగా పట్టుకుని ఇంటికొచ్చింది. కాసేపు వాకిట్లో తచ్చాడి, నన్ను పిలిచింది.

"ఆడేసినాడేటి?"

"తెల్దత్తా. ఎళ్లలేదనుకుంటాను."

"ఎళ్లమను."

"నువ్వే సెప్పు."

"నాతో మాటల్నేవు గదా ఆడికి" అంది.

పాక దగ్గరకెళ్తే శేషు చొక్కా వేసుకుంటున్నాడు. చెప్పాల్సిన పని పడలేదు. బడికి నాతోనే వచ్చాడు. కుడి చెవి నా వైపు ఉండేలా నడిచాడు. లోపలికి వెళ్లి బయటికొచ్చాక పాకవైపు కాకుండా ఇంటివైపు తిరిగాడు. టెంటు నాటి నుంచి అతను ఆ వాకిట్లో అడుగుపెట్టలేదు. నేను వెనకే వెళ్లాను.

అత్త రాయి ముందు కూర్చుని పిక్కలు కొడుతోంది. శేషు ఆమె ఎదురుగా నిలబడి, సిరా వేలు చూపించాడు. వినపడనివాళ్లు మాట్లాడినట్టు కొంచెం గట్టిగా అన్నాడు.

"నీ ఎర్రయ్యకి ఎయ్యలేదు. ఆ ప్రెసిడెంటుకే ఏసినాను. తెలిసుండు."

ఆమె కర్ర ఆపింది. ఎర్రయ్య అతని కోసం దారికడ్డంగా నిలబడిన సంగతి ముగ్గురికీ తెలుసు. అతను తిట్టు కోసం చూస్తున్నాడు. తిడితే ఇన్నాళ్లదీ అక్కడ పోసేసేవాడు. నేను కూడా తిడుతుందనే అనుకున్నాను.

"ఏసినావు గదా" అంది అత్త. పక్కకు జరిగి అతని వినపడే చెవి వైపు తిరిగి, మళ్లీ ఒకసారి అదే మాట అంది. "నీకు నచ్చినోడికి, నువ్వే ఏసినావు గదా." తర్వాత రాయి మీద ఇంకో పిక్క పెట్టుకుంది.